సిక్కు ఇంట పుట్టిన బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలా? తీయించకపోతే ఆ జుట్టును ఎలా చూసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీరు తెలుగింటి ఆడపడుచు, మీ భర్త సిక్కు. బాబుకు పదో నెల నడుస్తోంది. పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తానని మీ అమ్మగారు బాబు కడుపులో ఉండగానే మొక్కుకున్నారు. మీ అత్తగారేమో బిడ్డ తలమీద కత్తి పడడానికి వీల్లేదంటున్నారు. తీయించకపోతే దోషమా, అంత జుట్టు పెంచితే పిల్లవాడికి ఇబ్బందా, పెంచితే ఎలా చూసుకోవాలి అని అడిగారు.

ముందుగా సమాధానం చెబుతాను. బాబును సిక్కుగా పెంచాలని మీ దంపతులిద్దరూ అనుకుని ఉంటే పుట్టువెంట్రుకలు తీయించకండి. సిక్కు ధర్మంలో తీయించకపోవడం దోషం కాదు, తీయించడమే నియమానికి విరుద్ధం. ఆరోగ్యానికి ఏ ఇబ్బందీ ఉండదు. కాకపోతే రోజూ ఉదయం, రాత్రి కాస్త సమయం ఆ తలకు ఇవ్వాల్సి ఉంటుంది. మీ అమ్మగారి మొక్కు తీరే మార్గం కూడా ఉంది, దాని సంగతి కింద రాస్తాను.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగిన దక్కనీ సిక్కు కుటుంబపు స్త్రీని. 19వ శతాబ్దం మొదటి సగంలో నిజాం కొలువుకు పంజాబు నుంచి వచ్చిన ఫౌజులో మా పెద్దలు ఉన్నారు. ఇంట్లో పంజాబీ పాఠం, వీధిలో తెలుగు, బడిలో రెండూ కాని మూడో భాష, ఇలా పెరిగాం. ఇద్దరు కొడుకుల, ఒక కూతురి జుట్టు నా చేతులతో దువ్వి పెంచాను. పాతికేళ్లుగా ఆదివారాలు గురుద్వారాలో పిల్లలకు జూడా (నెత్తిమీది జుట్టు ముడి) వేసుకోవడం, పాగా కట్టుకోవడం నేర్పుతున్నాను. మా పెద్ద కోడలు మీలాగే తెలుగమ్మాయి కనుక మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న మాటలు మా ఇంట్లోనూ నడిచాయి.

నియమం ఏమంటుంది

మన పల్లెల్లో, పట్నాల్లో కూడా, గర్భంలో నుంచి వచ్చిన జుట్టు ఉంచకూడదని, దానితోనే పురిటి మైల పోతుందని పెద్దవాళ్లు అంటారు. సిక్కుల ఆచార నియమావళి అయిన 'సిక్ఖ్ రెహత్ మర్యాద' ఈ మాటకు నేరుగా జవాబు చెబుతుంది. గురుద్వారాలను నిర్వహించే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఖరారు చేసిన ఆ నియమావళిలో, బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న జుట్టును చెడ్డదిగా తలచరాదని, దానిని అలాగే ఉంచాలని, కొడుకుల కేశాలనూ కూతుళ్ల కేశాలనూ చెక్కుచెదరకుండా కాపాడాలని ఉంది. అంటే మీ ఇంట్లో వచ్చిన సందేహం కొత్తది కాదు, ఆ నియమం రాసినవారి ముందు కూడా ఇదే ప్రశ్న ఉంది. అమృతం స్వీకరించిన, అంటే దీక్ష తీసుకున్న, సిక్కు చేయకూడని నాలుగు పెద్ద తప్పుల్లో కేశాలు తీయడం ఒకటి. కేశమంటే తల జుట్టు మాత్రమే అనుకోకండి. గడ్డం, మీసం, కనుబొమలు, ఒంటిమీది రోమాలు అన్నీ అందులోకే వస్తాయి.

దీని వెనుక ఉన్న భావాన్ని మా నాన్నగారు చాలా సులువుగా చెప్పేవారు. శరీరం ఇచ్చినవాడు దానిని ఎలా ఇచ్చాడో అలా స్వీకరించడం, ఇందులో ఇది బాగుంది అది బాగాలేదు అని దిద్దుబాటు చేయకపోవడం, ఆ అంగీకారానికి అందరి కంటా పడే గుర్తు కేశాలు. గుర్తు అన్న మాట ముఖ్యం. 1699లో వైశాఖీ నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో పదో గురువు గురు గోవింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష పుచ్చుకున్న సిక్కుల సమూహాన్ని, నిలబెట్టారు. కేశాలు, కంఘా అనే దువ్వెన, కడా అనే ఉక్కు కడియం, కచ్ఛెరా అనే లోదుస్తు, కిర్పాన్ అనే కత్తి, ఈ అయిదూ ఖాల్సా వేషమయ్యాయి. గుంపులో కలిసిపోయి తప్పించుకోవడానికి వీలులేని మనిషిని తయారు చేయడం ఆయన ఉద్దేశంలో ఒక భాగమని మాకు చిన్నప్పటి నుంచీ చెబుతారు.

ఆ రోజు గురువు తల ఇచ్చేదెవరని అడిగితే లేచి నిలబడిన అయిదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ ఒకరు. ఆయనది బీదర్ అని, మంగలి కుటుంబమని సంప్రదాయం చెబుతుంది. బీదర్ అంటే మన జహీరాబాదు దాటగానే వచ్చే ఊరు. కత్తి, కత్తెర పట్టి బతికిన ఇంటి బిడ్డ, మన దక్కను నేల నుంచి అంత దూరం వెళ్లి, కేశాలు తీయని ధర్మానికి మొదటి అయిదుగురిలో ఒకడయ్యాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ అత్తగారు ఇంత గట్టిగా ఎందుకు పట్టుబడుతున్నారో అర్థం కావాలంటే ఇంకొక పేరు తెలుసుకోవాలి. 1745లో లాహోరులో భాయీ తారూ సింగ్‌ను, అప్పటి మొఘల్ అధికారులు కేశాలు తీయించుకో, లేదా తల చర్మమే పోతుంది అన్నారు. ఆయన కేశాలు ఇవ్వలేదు, చర్మం ఇచ్చాడు. రోజూ గురుద్వారాలో నిలబడి చేసే ప్రార్థన అయిన అర్దాస్‌లో, తల చర్మం వొలిపించుకున్నవారిని, చివరి శ్వాస వరకు కేశాలతో ధర్మం నిలుపుకున్నవారిని తలుచుకుంటాం. మీ అత్తగారు ఆ మాటలను ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ వింటూ చేతులు జోడించి ఉంటారు. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల మీద దాడులు జరిగినప్పుడు ప్రాణాలు దక్కించుకోవడానికి జుట్టు కత్తిరించుకోవాల్సి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ తరంవారికి కత్తెర చప్పుడు వేరుగా వినిపిస్తుంది. ఆవిడ మాటలో మీకు మొండితనం కనిపిస్తే, దాని కింద ఉన్న ఈ బరువును కూడా చూడమని అడుగుతున్నాను.

అలాగని జుట్టు ఉంటే చాలు, మనిషి మంచివాడైపోతాడని సిక్కు ధర్మం చెప్పదు. గురు గ్రంథ్ సాహిబ్‌లోనే కబీరు సలోకం (చిన్న పద్యం) ఒకటి ఉంది. ప్రేమ ఆ ఒక్కడితో కుదిరితే మిగతా ద్వంద్వం పోతుంది, ఆపైన పొడవాటి కేశాలు పెంచుకున్నా గుండు చేయించుకున్నా ఒకటే అని దాని భావం. అదే గ్రంథంలో గురు అర్జన్, తన కేశాలను వింజామరగా చేసి సత్పురుషులకు వీస్తానని పాడారు. మొదటిది జుట్టు మీద గర్వం పెంచుకోవద్దని చెబుతుంది, రెండోది ఆ జుట్టు దేనికి వాడాలో చెబుతుంది. మా ఇళ్లలో రెండూ చదువుతాం.

మీ అమ్మగారి మొక్కు

మా కోడలి తల్లికి కూడా ఇదే మొక్కు ఉండేది. మనవడికి పదకొండో నెల దగ్గరపడే కొద్దీ ఆవిడకు నిద్ర పట్టలేదు. చివరికి తమ ఇంటి పురోహితుణ్ణి అడిగారు. మొక్కుకున్నది మీరు కనుక మీ తలనీలాలు మీరే ఇచ్చుకోండి, బిడ్డ తరఫున స్వామికి అవి చెందుతాయి అని ఆయన చెప్పారట. ఆవిడ తిరుమల వెళ్లి తానే గుండు చేయించుకుని, పసుపు చందనం రాసుకున్న తలతో నేరుగా మా ఇంటికి వచ్చారు. మనవడు ఆవిడ ఒళ్లో కూర్చుని ఆ నున్నటి తలను రెండు చేతులతో తడుముతూ ఉంటే, ఆవిడ వాడి జుట్టులో వేళ్లు పెట్టి చిక్కు తీస్తూ కూర్చున్నారు. ఆ రోజు తరువాత మా రెండు ఇళ్లలో ఈ విషయం మీద మాట రాలేదు. మీ అమ్మగారికి పూర్తి గుండు కష్టమైతే, తిరుమలలో ఆడవారు మూడు కత్తెరలు ఇవ్వడం ఉన్నదే. వారు నమ్మే పెద్దలను వారినే అడగనివ్వండి. ఈ సలహా సిక్కు వియ్యపురాలి నోట కన్నా పురోహితుడి నోట వస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. వెంట్రుక మందం చర్మం కింద ఉన్న కుదురును బట్టి ఉంటుంది, పైన కత్తి పడినందుకు అది మారదు. గొరిగిన చివర మొద్దుగా ఉండడం వల్ల చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా అనిపిస్తుంది.

ఇక జుట్టు సంరక్షణ

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ రోజులు గడిచేది ఇందులోనే. అయిదు గుర్తుల్లో కేశాల పక్కనే కంఘా ఉండడం ఊరికే జరిగింది కాదు. లోకాన్ని వదిలిన సాధువు జడలు కట్టిన జుట్టుతో తిరుగుతాడు. సిక్కు సంసారంలో ఉండి, పని చేసుకుని, జుట్టును రోజూ దువ్వి, ముడివేసి, పాగా కింద శుభ్రంగా ఉంచుతాడు. రెండు పూటలా కంఘా చేయమని, పాగాను మడత మడతగా పేర్చి కట్టమని గురు గోవింద్ సింగ్ కొలువులోని కవి భాయీ నంద్‌లాల్ పేరిట ఉన్న తనఖానామా అనే పాత నియమాల గ్రంథంలో ఉంది. నా వరకు, దువ్వని జుట్టు పెరిగిన జుట్టే గాని కేశం కాదు.

ఏడాది లోపు బిడ్డకు పెద్దగా చేయాల్సింది లేదు. మెత్తటి బ్రష్‌తో దువ్వండి. మాడు మీద పసుపురంగు పెచ్చులు కడితే గోటితో గిల్లకుండా, కాస్త నూనె రాసి నానబెట్టి, స్నానంలో మెత్తగా రుద్దితే క్రమంగా పోతాయి.

తలస్నానం వారానికి రెండుసార్లు చాలు. మన ఎండల్లో ఆడుకునే వయసు వచ్చాక మూడోసారి కూడా పోయవచ్చు. మా ఇంట్లో పెద్దలు కుంకుడుకాయే వాడేవారు, పంజాబులో దాన్నే రీఠా అంటారు. మా పెద్దవాడు కుంకుడు రసం కంట్లో పడి ఏడ్చిన ఏడుపులు నాకు ఇంకా గుర్తే, అందుకే రెండోవాడికి పిల్లల షాంపూకు మారాను, వాడి జుట్టు ఏమీ పాడైపోలేదు. పొడవాటి జుట్టుకు షాంపూ మాడుకే పట్టించి, చివరలకు కారే నురుగుతో సరిపెట్టండి. నూనె స్నానానికి గంట ముందు రాస్తే చాలు. పంజాబులో ఆవనూనె రాస్తారు, మేమిక్కడ కొబ్బరినూనె రాస్తాం. రోజుల తరబడి నూనె తలమీదే ఉంచి దాని మీద పట్కా, అంటే పిల్లలు జూడా మీద కట్టుకునే గుడ్డ, కడితే చుండ్రు ఎక్కువవుతుంది.

తడి జుట్టును ఎప్పుడూ ముడి వేయకండి. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో సగం ఇబ్బందులు దీని వల్ల వచ్చినవే. ఒక ఎనిమిదేళ్ల బాబుకు తల విపరీతంగా దురద, పట్కా విప్పితే ముక్కిన వాసన. వాళ్లమ్మ ఉద్యోగానికి వెళ్లాలి కనుక బడి బస్సు రావడానికి అరగంట ముందు తలస్నానం చేయించి, తుడిచీ తుడవని జుట్టును బిగించి కట్టేవారు. రోజంతా ఆ తడి లోపలే ఉడికేది. తలస్నానం శనివారం మధ్యాహ్నానికి, బుధవారం సాయంత్రానికి మార్చమన్నాను, మాడు మీద పొక్కులకు చర్మవైద్యుడి దగ్గరకు పంపాను. నెల తిరిగేసరికి వాసనా లేదు, దురదా లేదు. తువ్వాలుతో ఒత్తి నీరు తీసి, విరబోసి, గాలికి ఆరనివ్వాలి. వేడిగాలి యంత్రం అవసరమైతే దూరం నుంచి, తక్కువ వేడి మీద పట్టవచ్చు.

దువ్వడానికి చెక్క కంఘా మంచిది. కొనేటప్పుడు పళ్ల కొనలను మీ ముంజేతి మీద గీసి చూడండి, గీత పడితే ఆ దువ్వెన బిడ్డకు పనికిరాదు. మొదట వేళ్లతో పెద్ద చిక్కులు విడదీసి, తరువాత జుట్టును మధ్యలో గుప్పిట పట్టి, చివరల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. అలా పట్టుకుంటే లాగుడు మాడుకు తెలియదు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చూసి బెంగపడకండి, ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి, పొడవాటివి కనుక కుప్పగా కనబడతాయి. కొన్ని ఇళ్లలో రాలిన వాటిని కూడా తొక్కుళ్లలో పడనివ్వకుండా ఒక గుడ్డ సంచిలో దాస్తారు.

ఎంత పొడవు పెరుగుతుందో అని కూడా మీరు కంగారు పడ్డారు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్కొక్క వెంట్రుక కొన్నేళ్లు పెరిగి, ఆగి, రాలిపోయి, దాని చోట కొత్తది వస్తుంది. కాబట్టి ఎవరి జుట్టు హద్దు వారికి ఉంటుంది, చాలామందికి నడుము దగ్గరో అంతకు పైనో తనంతట తానే ఆగుతుంది.

జూడా బిగింపు గురించి గట్టిగా చెప్పాలి. జుట్టంతా ముందుకు దువ్వి, నడినెత్తికి కాస్త ముందుగా గుప్పిట్లోకి తీసుకుని, మెలితిప్పి, చుట్టుకుంటూ పోయి, కొసను చుట్ట కిందకు దోపితే జూడా నిలుస్తుంది. వేశాక పిల్లవాణ్ణి కనుబొమలు పైకెత్తమనండి. నుదురు చర్మం లాగినట్టు ఉందంటే బిగువు ఎక్కువైందని అర్థం. పన్నెండేళ్ల అబ్బాయి ఒకడికి నుదుటి పైన రెండు వేళ్ల వెడల్పున జుట్టు పలచబడింది. సాయంత్రం దాకా ఊడకూడదని వాళ్లమ్మ రోజూ రబ్బరు బ్యాండుతో బిగించేది. లాగుడు వల్ల వచ్చే జుట్టు నష్టం ఇది, మొదట్లోనే బిగువు తగ్గిస్తే తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి లాగితే కుదుళ్లు చచ్చిపోతాయి. రబ్బరు తీసేసి నూలు గుడ్డతో కట్టించాం, జూడా చోటును అప్పుడప్పుడు వేలెడు అటూ ఇటూ మార్చాం, రాత్రిళ్లు వదులు జడ వేయించాం. కొన్ని నెలలకు సన్నటి వెంట్రుకలు మొలిచాయి. పెద్దయ్యాక గడ్డాన్ని బిగించి ముడివేసే మగవారికి దవడ కింద ఇదే జరుగుతుంది, మీ భర్తకు కూడా చెప్పండి.

పట్కా మూడు నాలుగేళ్లకు మొదలుపెట్టవచ్చు. పలచని నూలువి అరడజను ఉంచుకుని రోజూ ఉతికినది కట్టండి. అయిదారు మీటర్ల పాగా పదకొండు, పన్నెండేళ్ల తరువాత సంగతి.

బడిలో చేరాక పేలు పడతాయి. సిక్కు పిల్లలకు మాత్రమే పడతాయని కాదు, పొడవాటి జుట్టులో వెతకడం కష్టం, అంతే. తడి జుట్టుకు కండిషనర్ పట్టించి, పాయలు తీసి, పేల దువ్వెనతో కుదురు నుంచి చివర దాకా దువ్వి, ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడిచి చూడాలి. మందు వాడితే డాక్టరు చెప్పినదే వాడి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి వేయాలి, ఈపులు పగిలి కొత్తవి వచ్చేది అప్పుడే. మా చిన్నవాడి జుట్టుకు బడిలో ఎవరో చూయింగ్ గమ్ అంటించారు. వాళ్ల టీచరు పాపం సాయం చేద్దామనే కత్తెర తీశారట, వాడు రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఇంటికి వచ్చాడు. కొబ్బరినూనె పోసి, వేళ్లతో నలుపుతూ, ఒక్కొక్క పోగూ విడదీస్తే నలభై నిమిషాల్లో మొత్తం వచ్చేసింది. అందుకే బడిలో చేర్చే రోజునే క్లాసు టీచరుతో మాట్లాడండి. అది టోపీ కాదని, ఎవరూ లాగకూడదని, ఏం జరిగినా కత్తెర వాడకుండా మీకు ఫోన్ చేయమని చెప్పండి. మర్యాదగా చెబితే కాదన్న టీచరును నేను ఇంతవరకు చూడలేదు.

వైద్యం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ప్రాణం మీదకు వచ్చినప్పుడు డాక్టరుకు అడ్డం పడకూడదు. కాని ప్రతి చిన్న గాయానికీ జుట్టు తీయాల్సిన పని లేదు. మా పెద్దవాడు మెట్ల మీద పడి తల పగిలినప్పుడు ఆసుపత్రిలో మామూలుగానే కత్తెర తెచ్చారు. తీయకుండా కుట్టడం కుదురుతుందా అని అడిగితే, డాక్టరు గాయం చుట్టూ జెల్లీ రాసి, జుట్టును రెండు వైపులా పక్కకు అణిచి నాలుగు కుట్లు వేశారు. అడగాలి, అడిగాక వారి నిర్ణయానికి కట్టుబడాలి.

రేపు మీకు ఆడపిల్ల పుడితే నియమం ఆమెకూ ఇదే, ఆమె మీద ఒత్తిడి మాత్రం ఎక్కువ. 2009లో పంజాబ్ హర్యానా హైకోర్టు, కనుబొమలు తీర్చుకున్న ఒక అమ్మాయికి సిక్కు మైనారిటీ కోటాలో మెడికల్ సీటు నిరాకరించిన కేసులో, కత్తిరించని కేశాలు సిక్కు ధర్మంలో మూల నియమమని చెప్పి కళాశాల నిర్ణయాన్నే నిలబెట్టింది. తీర్పు తీర్పే. కాని పై పెదవి మీద నూగు చూసి తోటివారు ఏడిపిస్తే ఇంటికొచ్చి ఏడ్చిన అమ్మాయిలను నేను దగ్గరకు తీసుకున్నాను, ఆ సమయంలో వారికి కావలసింది నియమం వినిపించేవారు కాదు, పక్కన కూర్చునేవారు.

యుక్తవయసులో మీ బాబు స్వయంగా ప్రశ్నించే రోజు రావచ్చు. నా దగ్గర పాగా నేర్చుకున్న ఒక అబ్బాయి పైచదువుకు విదేశం వెళ్లి జుట్టు కత్తిరించుకున్నాడు. వాళ్లమ్మ ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు. నేను ఆవిడను బతిమాలి ఫోన్ చేయించాను. వాడు ఇప్పటికీ జుట్టు పెంచలేదు, కాని హైదరాబాదు వచ్చినప్పుడల్లా తలకు గుడ్డ కట్టుకుని గురుద్వారా ఉచిత వంటశాల అయిన లంగరులో రొట్టెలు చేస్తాడు. బలవంతంతో ఉంచిన కేశాల కన్నా నాకు ఆ పిల్లవాడు గురుద్వారా గడప తొక్కడం మానకపోవడమే ముఖ్యం అనిపించింది. మా సంగత్‌లో (గురుద్వారాలో కలిసే మావాళ్లలో) అందరూ ఈ మాట ఒప్పుకోరు.

ఇప్పటికి మీరు చేయాల్సింది కొద్దే. బాబు జుట్టు ముడికి అందేసరికి ఇంకా ఏడాదికి పైగా పడుతుంది. అందిన రోజున మొదటి జూడా మీ అత్తగారి చేత వేయించండి, మీ అమ్మగారిని కూడా పిలవండి. రెండో రోజు నుంచి మీరు వేయండి. మొదటి వారం వంకరగానే వస్తుంది, పదో రోజుకు చేయి తిరుగుతుంది.